కార్మికుడు పీల్చే గాలికి లెక్క ఎక్కడ?

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి పేరు తగరపు పూత రేకుతో ముడిపడినది. బర్మా ఆయిల్, టాటా స్టీల్ సంస్థలు 1920లో స్థాపించిన టిన్‌ప్లేట్ కంపెనీ ఇక్కడ కిరసనాయిలు డబ్బాల కోసం ఈ రేకును తయారుచేయసాగింది. 2024 జనవరిలో అది టాటా స్టీల్‌లో విలీనమైంది. ఇటువంటి పారిశ్రామిక వాడలన్నింటికీ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఒక కొత్త బాధ్యతను తెచ్చిపెట్టింది.

ఉక్కు రేకుకు తగరం పట్టాలంటే ముందుగా దాని పైపొరను ఆమ్లంతో శుభ్రం చేయాలి. పూత అనంతరం డైక్రోమేట్ ద్రావణాన్ని వాడటం ప్రపంచమంతటా చిరకాలంగా ఉన్న పద్ధతి. ఆమ్లపు తుంపర పళ్లను అరగదీస్తుంది. హెక్సావాలెంట్ క్రోమియం ముక్కు లోపలి గోడకు రంధ్రం చేయగలదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరను, ఈ క్రోమియాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

అయితే రసాయనం ఉన్నంత మాత్రాన ముప్పు ఎంతో తేలదు. కార్మికుడు ఎంత మోతాదును, ఎన్ని గంటలు, ఎన్నేళ్లు పీల్చాడన్నదే నిర్ణాయకం. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో సవరించిన కర్మాగారాల చట్టం ఈ పరిమితులను తన షెడ్యూలులోనే పొందుపరిచింది. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీగ్రాము, క్రోమేట్లు 0.05 మిల్లీగ్రాము మించరాదు. కొత్త స్మృతి ఈ పరిమితుల నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు విడిచిపెట్టింది. జార్ఖండ్‌లో ఒక అంకె, ఆంధ్రప్రదేశ్‌లో మరొక అంకె ఉండవచ్చు. శ్వాసకోశానికి మాత్రం రాష్ట్ర సరిహద్దులు లేవు.

ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవారికి పనిలో చేరకముందు, పనిలో ఉన్నంతకాలం, పని మానిన తరువాత కూడా వైద్య పరీక్షలు జరపాలని, ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని చట్టం చెబుతోంది. ఏడాదికో గుత్తేదారు కింద, ఏడాదికో గేటు లోపల పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి వెంట ఆ రికార్డు వెళ్లకపోతే ఈ నిబంధన కాగితానికే పరిమితమవుతుంది. క్యాన్సర్ బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటికి అతడు ఏ గాలి పీల్చాడో చెప్పగల ఆధారం, చొక్కా కాలరు వద్ద అమర్చిన పరికరంతో ఆనాడు తీసిన కొలత ఒక్కటే.

కనుక రాష్ట్రాలు పాత పరిమితులను సడలించకుండా నియమాలు రూపొందించాలి. ఆ కొలత ప్రతి ఒకటి కార్మికుడి చేతికి కూడా అందాలి. లేనిపక్షంలో పరిహారం కోరిననాడు నిరూపణ భారం రోగి మీదనే పడుతుంది.