పురుగేదో తెలియని మందు

గాజుతొట్టెలో చేప మలం తెల్లగా, దారంలా సాగితే చాలు, మెట్రోనిడజోల్ వేయమనే సలహా సిద్ధంగా ఉంటుంది. నాకీ తొందరపాటు బొత్తిగా నచ్చదు. పస్తున్న చేపకైనా మలం అలాగే ఉంటుంది కదా! పైగా ఆ మందు స్పైరోన్యూక్లియస్ వంటి ఏకకణ జీవుల మీద పనిచేస్తుందే గాని, పేగుల్లోని పురుగులను ఏమీ చేయదు. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ కావాలి. మనుషుల జిగట విరేచనాలకు వాడే ఔషధాన్ని అనుమానం మీద నీళ్ళపాలు చేయడం నా దృష్టిలో అపచారమే. తాజా మలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడండి. డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో ఉండేపాటిది చాలు. అవసరమని తేలితే, చేప ఇంకా తింటున్నప్పుడే మేతలో కలిపి పెట్టడం మేలు.

గప్పీల్లో తరచు కనిపించే కామల్లానస్‌కు మాత్రం సూక్ష్మదర్శినితో పనిలేదు. మలద్వారం నుండి ఎర్రని పోగులు వేలాడుతూ కనబడతాయి. దీనికి లెవమిసోల్‌ను నీటిలోనే కలపవచ్చు. అది పురుగుకు పక్షవాతం తెప్పిస్తుంది. పట్టు సడలిన పురుగు బయట పడిపోతుంది. చాలామంది ఇక్కడితో సంతోషించి ఊరుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు! ఈ పురుగు గుడ్లు కాదు, పిల్లలనే విడుస్తుంది. అవి తొట్టె అడుగునుండి నేరుగా మరో చేప నోట పడగలవు. అందుకే మరునాడే గొట్టంతో అడుగుచెత్తనంతా లాగి పారబోయాలి. రెండు మూడు వారాలకు మందు మళ్ళీ వేయాలి. ఆ వలనూ గొట్టాన్నీ పక్క తొట్టెలో మాత్రం ముంచకండి.