ప్యానెళ్లు తుడిచే పనేనా మన వంతు?

మన హాస్టల్లో పదో తరగతి తమ్ముళ్లను ఏమవుతారని అడిగితే టీచరు, కానిస్టేబులు అంటారు. రెండూ మంచివే. కానీ ఎండను కరెంటుగా మార్చే పరిశ్రమలోనూ ఉద్యోగాలున్నాయని వారికి చెప్పేదెవరు?

2017లో కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2024లో కేంద్రం కోటి ఇళ్లపై సోలార్ లక్ష్యంగా పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ఈ రంగానికి ప్యానెళ్లు కడిగేవారు, కాపలావారు కావాలి. ఇన్వర్టరు బిగించేవారు, లోపం పట్టేవారు, ఇంజనీర్లు కూడా కావాలి. కడిగే పని తక్కువని కాదు, అదొక్కటే మన వంతు కారాదని నా బాధ.

2015లో మొదలైన సూర్యమిత్ర శిక్షణకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడును అర్హతగా పెట్టారు. ఈ సంగతి పదిలోనే తెలిస్తే ఏ ట్రేడులో చేరాలో తేల్చుకోవచ్చు. ఇంట్లో చెప్పేవారు లేక నాకు పీజీలో తెలిసింది.

అందుకే నా మనవి: హాస్టల్ మిద్దెపై ఒక్క కిలోవాటు ప్యానెళ్లు పెట్టించండి. బాగా ఎండ కాసిన రోజు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మీటరు చూసి లెక్క రాయడం, తగ్గితే కారణం వెతకడం విద్యార్థులకే అప్పగించండి. పూర్వ విద్యార్థులు ఆదివారం ఒక గంట వచ్చి తమ్ముళ్లతో మాట్లాడండి. మొదటి ఆదివారం నేనొస్తాను.