జనరేటరుకి కుంకుమ సరే, స్విచ్ సంగతేమిటి?

మా గుడి కమిటీ మీద నాకు కోపంగా ఉంది. ఇంగ్లీషులో అయితే మర్యాదగా ఈమెయిలు రాసేదాన్ని. తెలుగులో నాకింకా అంత మర్యాద రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

విషయం మా జనరేటరు. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను. (ఇక్కడ టెక్సాస్‌లో పెట్రోలుని గ్యాస్ అంటారు. మా అక్క ఫోన్లో విని వంటగ్యాస్ అనుకుంది.) వెనక పార్కింగులో పందిరి వేస్తే లైట్లకీ మైకుకీ అదే దిక్కు. శ్రీరామనవమి ముందు శనివారం తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. ఇరవై నిమిషాల్లో తీర్మానం అయిపోయింది: పారేద్దాం, కొత్తది కొందాం. హుండీ డబ్బే కదా!

ఒక్కరూ ఒక్క స్క్రూ విప్పలేదు. దసరాకి దీనికే బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆయుధపూజ చేశాం. నేను చూస్తానంటే "ఆంటీ, మీరు ప్రసాదం సంగతి చూడండి" అన్నారు. పులిహోర అప్పటికే కలిపేశాను నాయనా.

ఈ స్విచ్ ఇంట్లో లైటు స్విచ్‌కి తలకిందులు. లైటు స్విచ్ ఆన్ చేస్తే తీగలు కలుస్తాయి. ఇక్కడ ఆఫ్ చేస్తే కలుస్తాయి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే సన్న తీగని ఇంజను ఇనుముకి కలిపేస్తుంది. ఇక నిప్పురవ్వ పుట్టదు, ఇంజను ఆగిపోతుంది. స్విచ్ లోపల చెడి ఎప్పుడూ కలిసే ఉంటే మీరు భీముడైనా స్టార్ట్ కాదు.

ముందు ఆయిల్ చూశాను, ఎందుకంటే ఆయిల్ తగ్గితే చాలా ఇంజన్లలో ఒక సెన్సర్ కూడా ఇలాగే రవ్వని ఆపేస్తుంది. ఆయిల్ నిండుగా ఉంది. స్విచ్ దగ్గర తీగ ఊడదీసి, స్పార్క్ టెస్టర్ పెట్టి తాడు లాగితే రవ్వ వచ్చింది! మల్టీమీటరు పెడితే స్విచ్ ఆన్‌లోనూ బీప్, ఆఫ్‌లోనూ బీప్. కొత్త స్విచ్ 9 డాలర్లు. పని 40 నిమిషాలు, అందులో పది నా కళ్ళజోడు వెతకడానికి.

మధ్యలో ఒక బాబు తెలివి: "ఆ తీగ అలా ఊడదీసి వదిలేస్తే సరిపోతుంది కదా ఆంటీ?" సరిపోదు. స్టార్ట్ అవుతుంది, కానీ స్విచ్‌తో ఆగదు. పెట్రోలు ట్యాప్ కట్టినా కార్బురేటర్లో ఉన్నది అయిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. పందిట్లో పిల్లలు, పట్టుచీరలు. పారేసేవాళ్ళ కంటే ఇలా అతుకులేసేవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం.

నాది ఇంగ్లీష్ మీడియం చదువు. చేతికి గ్రీజు అంటితే చిన్నతనం అని మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు, అయినా అందరం నేర్చుకున్నాం. నేను దాన్ని మరచిపోవడానికి యాభై ఏళ్ళు పట్టింది. కమిటీలో ఇంజనీర్లు ఆరుగురు. మీకెంత పడుతుంది?

కల్యాణం రోజు జనరేటరు నడిచింది, స్విచ్ నొక్కగానే ఆగింది. 9 డాలర్ల రసీదు కోశాధికారికి ఇచ్చాను. దానికి మాత్రం ఇంకా తీర్మానం కాలేదు.