పేరు తెలిశాక

సముద్రజీవిని గుర్తించడానికి శాస్త్రీయ నామం చాలు. అది ఎలా బతుకుతుందో తెలియాలంటే లక్షణాలు కావాలి. పరిమాణం, ఆహారం, కదలిక, ఉండే లోతు, తట్టుకోగల ఉప్పదనం, సంతానోత్పత్తి తీరు, ఆయుర్దాయం వంటివాటిని సముద్ర జీవశాస్త్రం జీవ, పర్యావరణ లక్షణాలుగా నమోదు చేస్తుంది.

పరిమాణం కొలవడం తేలిక. అయినా దేన్ని కొలిచారో రాయకపోతే అంకె నిరుపయోగం: చేపకు ఒంటి పొడవు, పీతకు డిప్ప వెడల్పు, తాబేలుకు డిప్ప పొడవు.

అసలు చిక్కు జీవితదశతో మారే లక్షణాలది. పడవ అడుగున అంటుకునే బార్నకిల్ పెద్దయ్యాక కదలదు. దాని డింభకం నీటిలో తేలుతూ తిరుగుతుంది. కదలని జీవి అని రాసి ఊరుకుంటే సగం బతుకు చెప్పనట్టే. మండపీత మడ అడవుల బురదలో పెరుగుతుంది, ఆడపీత గుడ్లు పొదగడానికి సముద్రంలోకి పోతుంది. పులస చేపది తలకిందుల దారి: సముద్రంలో ఎదిగి, వరదనీటి కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ ఆ ప్రయాణానికి అడ్డు. లక్షణాల పట్టికలో పులస నివాసం గడిలో ఉప్పునీరు, మంచినీరు రెండూ ఉండాలి. (రుచికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు, గోదావరి జిల్లాలవారు ఒప్పుకోకపోవచ్చు.)

సంతానోత్పత్తి లక్షణాలూ అంతే ముఖ్యం. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల లింగాన్ని గూటి ఇసుక వేడిమి నిర్ణయిస్తుంది. వేడి పెరిగితే ఆడవి ఎక్కువ పుడతాయి. చాలా సొరచేపలు ఆలస్యంగా ఈడుకొచ్చి, కొద్ది పిల్లల్నే కంటాయి. అందువల్ల వేటకు తగ్గిన వాటి సంఖ్య కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.