గుమ్మడికాయ బీరు తాగవచ్చునా?

ప్రశ్న: అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా అబ్బాయి, అక్కడ ఆకురాలు కాలంలో చేసుకునే గుమ్మడికాయ బీరును దాల్చిన చెక్క, లవంగాలు వేసి ఇంట్లోనే చేస్తానంటున్నాడు. "గుమ్మడికాయే కదా, నాన్న కూడా తాగొచ్చు" అంటాడు. మావారికి చక్కెర వ్యాధి. గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. తాగవచ్చునా?
– ఒక సోదరి, కార్వేటినగరం

జవాబు: వద్దు. అందులో గుమ్మడికాయ ముఖ్యంగా రుచికీ, రంగుకీ. మొలకెత్తిన బార్లీలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. చెక్క, లవంగాలు దాన్ని విరవలేవు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఇంట్లో చేసినదానిలో ఎంతుందో చెప్పలేం.

రక్తంలో చక్కెర తగ్గినప్పుడు లివరు కొంత తయారుచేసి అందిస్తుంది. ఆల్కహాలు ఆ పనికి అడ్డు పడుతుంది. మీవారి మాత్రేమో చక్కెరను తగ్గిస్తూనే ఉంటుంది. సరిగా భోజనం చేయకుండా తాగితే ఏ అర్ధరాత్రో చెమటలు, వణుకు, మాట తడబాటు, చివరకు స్పృహ తప్పడం జరగవచ్చు. చూసేవాళ్ళు "మత్తులే, పడుకోనీ" అనుకుంటారు. ప్రమాదమంతా అక్కడే. తెలివి ఉంటే వెంటనే 3 టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పైగా లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. ఆ గుమ్మడికాయతో పులుసు పెట్టండి. బెల్లం వేయకపోతే మీవారు కూడా మితంగా తినవచ్చు.