కంప్యూటర్ కబుర్లు: సర్వర్ల గుంపుకు ఒక్క సరంగు

సోనాపూర్ క్యాంపు నుండి జగిత్యాల వైపు సోదరుడొకరు ఉత్తరం రాశారు. ఆయన తమ్ముడు ఇంగ్లండులోని షెఫీల్డ్ లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. కుబర్నెటిస్ క్లస్టర్ లో సర్వర్లు కాన్ఫిగర్ చేయడం నేర్పించి ఉద్యోగం గ్యారంటీగా ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర రూపాయలు అడుగుతున్నారట. తమ్ముడు పంపమంటున్నాడు. "వాడు చెప్పే పని ఏమిటో నాకు అర్థం కాదు. అడిగితే నీకు తెలియదులే అన్నా అంటాడు. డబ్బు పంపాలా, వద్దా?" అని ఆ సోదరుడి ప్రశ్న.

లక్షన్నర అంటే ఎన్ని నెలల ఓవర్ టైమో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. అందుకని ఈ వారం ఆ పని ఏమిటో చూద్దాం. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. సైటులో పని చేసినవాడికి ఇందులో సగం తెలిసిన సంగతే.

ముందు కంటైనర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. జెబెల్ అలీ పోర్టు చూసినవారికి కంటైనర్ కొత్త కాదు. లోపల బియ్యం ఉన్నా, టీవీలు ఉన్నా బయట పెట్టె కొలత ఒక్కటే. క్రేనుకు, లారీకి, ఓడకు లోపలి సరుకుతో పనిలేదు. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి ఐడియల్ ఎక్స్ అనే ఓడమీద 58 పెట్టెలు పంపించి ఈ పద్ధతికి దారి వేశాడు. కంప్యూటర్లలోనూ ఇదే జరిగింది. ఒక ప్రోగ్రాం నడవాలంటే దానికి ఫలానా వెర్షన్ సాఫ్ట్ వేరు, ఫలానా ఫైళ్లు కావాలి. ఈ సర్వరు మీద బాగా నడిచింది ఆ సర్వరు మీద మొరాయిస్తుంది. అందుకని ప్రోగ్రామునూ, దానికి కావలసిన సామాన్లనూ కలిపి ఒకే మూటగా కట్టేస్తారు. అదే సాఫ్ట్ వేర్ కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఈ పద్ధతి అంతటా పాకింది.

పెట్టెలు వేలల్లో ఉంటే ఏది ఏ సర్వరు మీద ఎక్కించాలి? ఒక సర్వరు పడిపోతే దాని పని ఎవరికి అప్పగించాలి? ఇవన్నీ చూసే పెద్ద పేరే కుబర్నెటిస్. అది గ్రీకు మాట. ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. మన భాషలో సరంగు అన్నమాట. గూగుల్ కంపెనీ 2014లో దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టింది. కలిసి పని చేసే సర్వర్ల గుంపును క్లస్టర్ అంటారు. గుంపులో ఒక్కో సర్వరు ఒక నోడ్.

సైటుకు కొత్త మనిషి వస్తే ఏం చేస్తారు? ఐడీ కార్డు, హెల్మెట్, గేట్ పాస్ ఇచ్చి ఫోర్మన్ కు అప్పగిస్తారు. కొత్త సర్వరుకూ అంతే. మొదట లైనక్స్ ఎక్కించాలి. గుంపులో మరెవరికీ లేని పేరు పెట్టాలి. స్వాప్ అనే ఏర్పాటును మామూలుగా ఆపేయాలి. మెమరీ నిండినప్పుడు డిస్కును అరువుకు వాడుకునే పద్ధతి అది. అప్పు మీద నడిచే ఇంట్లో అసలు ఎంత ఉందో లెక్క తేలనట్టు, స్వాప్ ఉంటే సర్వరులో నిజంగా ఎంత ఖాళీ ఉందో సరంగుకు తేలదు. తర్వాత కంటైనర్లను నడిపే కంటైనర్ డీ, సరంగు మాట విని నడుచుకునే క్యూబ్ లెట్ అనే రెండు ప్రోగ్రాములు వేయాలి. ఫైర్ వాల్ లో 6443, 10250 వంటి నంబర్ల తలుపులు తెరవాలి. చివరగా చేరిక ఆదేశం ఇవ్వాలి. దానికి ఒక టోకెన్ కావాలి. మనం మార్చకపోతే ఆ టోకెన్ 24 గంటలే చెల్లుతుంది, ఒక రోజు గేట్ పాస్ లాగ.

ఇది సగం పనే. అసలు నేర్పంతా లెక్క రాయడంలో ఉంది. ఒక్కో కంటైనరుకు కనీసం ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ కావాలో రాయాలి. దీన్ని రిక్వెస్ట్ అంటారు. ఎంత దాటకూడదో కూడా రాయాలి. అది లిమిట్. బాత్ రూములకు నీళ్ల ట్యాంకు ఒకటే అయినప్పుడు ఒకడు కుళాయి కట్టకుండా వదిలేస్తే మిగతావాళ్లు సబ్బు నురగతో నిలబడాల్సిందే కదా! లిమిట్ రాయని కంటైనర్ అలాంటిది. మెమరీ లిమిట్ దాటిన కంటైనర్ ను ఆపేసి, మామూలుగా మళ్లీ మొదలుపెడతారు. ప్రాసెసర్ లిమిట్ దాటబోతే ఆపరు, వేగం తగ్గిస్తారు.

నోడ్ ఒకటి మూగబోయిందనుకోండి. మామూలు ఏర్పాటులో సుమారు ఐదు నిమిషాలు చూసి, దాని పనిని మిగతా నోడ్లకు అప్పగిస్తారు. మనమే రిపేరుకు తీయాలంటే ముందుగా దానికి కొత్త పని ఇవ్వడం ఆపాలి, ఉన్న పనిని పద్ధతిగా పక్కకు పంపాలి. దీన్ని డ్రెయిన్ అంటారు. చెప్పకుండా ప్లగ్గు పీకితే నడుస్తున్న పని మధ్యలో తెగిపోతుంది.

ఇక్కడ ఒక మాట అనిపిస్తుంది. యంత్రానికి ఎంత బరువు ఎత్తాలో రాసిపెట్టి మరీ కాపలా కాస్తారు. మనకూ అలాంటి లిమిట్ ఒకటి ఉంది. ఎమిరేట్స్ లో జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన. కానీ రాసి ఉండటం ఒక ఎత్తు, అమలు చేసే పెద్ద ఉండటం మరో ఎత్తు. క్లస్టర్ లోనైనా, సైటులోనైనా.

ఇక షెఫీల్డ్ సంగతి. అది ఉక్కు ఊరు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో వెనకటికి మట్టి మూసల్లో ఉక్కు తయారు చేసి దూరదేశాలకు పంపేవారు. షెఫీల్డ్ లో 1740లలో బెంజమిన్ హంట్స్ మన్ అనే గడియారాల పనివాడు మూసలో ఉక్కు కరిగించే పద్ధతిని తనదైన దారిలో సాధించాడు. 1858లో హెన్రీ బెస్సెమర్ అక్కడ ఉక్కు కార్ఖానా పెట్టాడు. షెఫీల్డ్ యూనివర్సిటీ తన కంప్యూటర్ క్లస్టర్లలో ఒకదానికి ఆ బెస్సెమర్ పేరే పెట్టుకుంది. 2023లో వచ్చిన క్లస్టరుకు ఊరి పక్కనున్న కొండచరియ పేరు పెట్టారు, స్టానేజ్ అని.

పరిశోధకుల లెక్కలు చేసే ఈ స్టానేజ్ లో సరంగు కుబర్నెటిస్ కాదు, స్లర్మ్ అనే ఇంకో పెద్ద. పని ఇచ్చేవారు ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో ముందే రాసిచ్చి వరుసలో నిలబడాలి. రాసిన మెమరీ గానీ గంటలు గానీ దాటితే పని ఆగిపోతుంది. కంటైనర్లకు అక్కడ డాకర్ బదులు ఆప్టైనర్ వాడతారు. మామూలు డాకర్ వెనుక సర్వాధికారాలున్న ప్రోగ్రాం ఒకటి నడుస్తుంటుంది. ఎంతోమంది కలిసి వాడే యంత్రం మీద అంత పెద్ద తాళంచెవి అందరి చేతికీ ఇవ్వలేరు కదా! సరంగు పేరు మారినా విద్య మాత్రం ఒకటే. ఉన్నదెంతో తెలుసుకోవడం, ఎవరికెంతో రాయడం, పడిపోతే ఏం చేయాలో ముందే అనుకోవడం.

ఇప్పుడు సోదరా, తమ్ముడికి వీడియో కాల్ చేసి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: నీ ల్యాప్ టాప్ మీద చిన్న క్లస్టర్ లేపి చూపించగలవా? మినీక్యూబ్, కె3ఎస్ అనే సాఫ్ట్ వేర్లు ఉచితం. నేర్పే పుస్తకమంతా కుబర్నెటిస్ వాళ్ల సైటులోనే ఉచితంగా ఉంది.

రెండు: మెమరీ లిమిట్ దాటితే ఏమవుతుంది, ప్రాసెసర్ లిమిట్ దాటితే ఏమవుతుంది? జవాబు మీకిప్పుడు తెలుసు.

మూడు: నోడ్ ను రిపేరుకు తీయాలంటే మొదట ఏం చేస్తావు?

నాలుగు: క్లస్టర్ జ్ఞాపకాలను దాచే పెద్ద యంత్రాలు మూడు పెడతారు, నాలుగు ఎందుకు పెట్టరు? జవాబు ఇదీ: సగానికి మించి బతికి ఉంటేనే ఆ పెద్దల నిర్ణయం చెల్లుతుంది. మూడింటిలో ఒకటి పోయినా పని నడుస్తుంది. నాలుగు పెట్టినా ఒకటే పోవచ్చు, రెండు పోతే మిగిలేది సగమే. నాలుగోది దండగ ఖర్చు.

వీటికి తడుముకోకుండా చెప్పి, చేసి చూపిస్తే వాడు నేర్చుకుంటున్నట్టే. అప్పుడు లక్షన్నర కోర్సు అవసరం లేదు. చూపించలేకపోతే ఇంకో మూడు నెలలు ఉచితంగా సాధన చేయమనండి. అప్పుడూ ఆ డబ్బు అవసరం లేదు.

ఇందులో పేరున్న పరీక్ష ఒకటుంది, సీకేఏ అంటారు. రెండు గంటల పాటు నిజమైన క్లస్టర్ ముందు పెట్టి పని చేసి చూపించమంటారు. 66 శాతం వస్తే పాసు. ఒకసారి తప్పినా అదే ఫీజుతో రెండోసారి రాయవచ్చు. డబ్బు ఇవ్వాలనుకుంటే ఈ ఫీజు ఒక్కటి, అది కూడా తమ్ముడే నేరుగా పరీక్ష వాళ్లకు కట్టేలా ఇవ్వండి. అయితే పరీక్ష పాసైతే ఉద్యోగం వచ్చి ఒళ్లో పడుతుందని మాత్రం అనుకోవద్దు.

"గ్యారంటీ" అన్న మాట దగ్గర జాగ్రత్త పడండి. బ్రిటన్ లో స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే లైసెన్స్ ఉన్న కంపెనీ స్పాన్సర్ చేయాలి. ఆ కంపెనీల జాబితాను ప్రభుత్వం ఇంటర్ నెట్ లో ఉచితంగా పెట్టింది. 2025 జులై 22 నుండి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. చదువు కొత్తగా ముగించినవారికి కొంత తక్కువ. స్పాన్సర్ షిప్ సర్టిఫికెట్ ఖర్చును కంపెనీ ఉద్యోగి నెత్తిన వేయకూడదు. ఎవరైనా దాన్ని అమ్ముతామంటే అది మోసమని తెలుసుకోండి. లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామన్నా దగ్గరికి రానీయకండి. పట్టుబడితే పోయేది కన్సల్టెన్సీ వీసా కాదు, మీ తమ్ముడి వీసా.

మేమైతే డబ్బు పంపవద్దనే చెబుతాం. తమ్ముడిని కోప్పడకండి. పరాయి దేశంలో చదువు ముగిసే గడువు దగ్గర పడుతుంటే ఎవరికైనా గుండె దడే. నాలుగు ప్రశ్నలు అడిగి, వాడు చేసి చూపిస్తుంటే ఓపిగ్గా చూడండి. అన్నకు తెలియదులే అన్న మాట అప్పుడు వాడే మానేస్తాడు.

మీ సందేహాలు కూడా రాసి పంపండి. వచ్చే వారం: ఫోన్ పోయినప్పుడు బ్యాంకు ఖాతాను కాపాడుకోవడం ఎలా?