పడవకు అతుకు మనం వేయలేమా?

"ఇవన్నీ మీకెందుకమ్మా? మీవారిని పంపండి, ఆయనకి చెబుతాను" అన్నాడు ఫైబర్ సామాన్ల కొట్టాయన. నేనడిగింది రెసిన్, హార్డెనర్, గ్లాస్ మ్యాట్. మా పాత ఫైబర్ పడవ పగిలింది, బాగుచేసుకోవాలి. అంతే!

మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఒక లంక. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు మా వీధిలో నడుంలోతు నీళ్ళు. అత్తగారి షుగర్ మందులు అయిపోయాయి. ఇంట్లో పడవ ఉంది. కానీ అడుగున జానెడు పగులుతో ఏడాదిగా పెరట్లో బోర్లా పడి ఉంది. "మేస్త్రీకి చెప్పాలే" అని మావారు, "ఆయన చూసుకుంటార్లే" అని నేను కాలం గడిపేశాం. ఎవరిదో పడవ వచ్చేదాకా రెండు రోజులు మేడమీద ఎదురుచూశాం. నాకు గోదావరి మీద కోపం రాలేదు. నామీద నాకే వచ్చింది.

వరద తీశాక, తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకుని, నేనూ మా తోడికోడలూ పనిలోకి దిగాం. ముందు పడవని వారం రోజులు ఎండబెట్టాం. తడి ఉంటే అతుకు నిలవదు. రూపాయి బిళ్ళతో తట్టి చూస్తే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పొరలు విడినచోట బొద్దుగా పలుకుతుంది. విడిపోయిందంతా తీసేసి, పగులు చుట్టూ నాలుగు వేళ్ళ మేర గరుకు కాగితంతో ఏటవాలుగా రుద్దాం. దుమ్ము తుడిచి, లోపల రెండు పొరలు, బయట మూడు పొరలు మ్యాట్ వేశాం. చిన్న ముక్క ముందు, దాని మీద కాస్త పెద్దది. బ్రష్షుతో రెసిన్ అద్దుతూ గాలి బుడగలు లేకుండా నొక్కాలి. బుడగ ఉన్నచోటే రేపు నీరు దూరుతుంది.

కొలత ముఖ్యం. కిలో రెసిన్‌కి హార్డెనర్ పది నుంచి ఇరవై మిల్లీలీటర్లే. సిరంజితో కొలిచాం (దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేలేదు). కలిపాక పావుగంటలో గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోవాలి. యాక్సిలరేటర్ ముందే కలిపిన రెసిన్ అడిగి తీసుకోండి. విడిగా ఇస్తే దాన్ని ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి!

ఆరుబయటే చేయండి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. పొడవు చేతుల చొక్కా, గ్లవుజులు, కళ్ళద్దాలు, మాస్కు తప్పవు. నేను మొదటిరోజు గ్లవుజులు వేసుకోక రాత్రంతా చేతులు గోక్కున్నాను. గాజు నలుసులు మరి! హార్డెనర్ కంట్లో పడితే వెంటనే పావుగంటసేపు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. పగులు పడవ వెన్ను మీద ఉంటే పంతానికి పోకుండా మేస్త్రీనే పిలవండి.

మర్నాడు అతుకు రాయిలా గట్టిపడింది. రుద్ది నునుపు చేసి, రంగు వేశాం. నాలుగు రోజులాగి, మోకాలిలోతు నీళ్ళలో ఇసుక బస్తాలు వేసి గంటసేపు చూశాం. చుక్క నీరు రాలేదు. "మీ అతుకుని నమ్మి నేనెక్కాలా?" అన్న అత్తగారే ముందుగా ఎక్కి కూర్చున్నారు. లైఫ్ జాకెట్ తొడిగాకేలెండి!

మావారు చేయలేరని కాదు నేను చెప్పేది. నీళ్ళొచ్చిన రోజు ఇంట్లో ఎవరుంటారు? పనికోసం కాకినాడో, హైదరాబాదో వెళ్ళిన మగవాళ్ళు కాదు కదా! ముసలివాళ్ళు, పిల్లలు, మనమూ. పడవ అవసరం మనది, దాని బాగోగులు మాత్రం ఇంకొకరివా?

డ్వాక్రా సంఘాల్లో కుట్లు, పచ్చళ్ళు నేర్పుతారు. మంచిదే. లంక గ్రామాల్లో ఏటా వరదలకు ముందు పడవల మరమ్మతు కూడా ఆడవాళ్ళకి నేర్పమని అడుగుదాం. చిరిగిన చీరకి రఫ్ఫు చేసే చేతులకి, సొట్టపడిన బిందెకి మాటు పెట్టించుకొచ్చే ఇల్లాలికి ఇది రాని విద్యేం కాదు.

ఈసారి ఆ కొట్టుకి వెళ్ళినప్పుడు నేనే ముందు చెప్పాను, "మావారు ఊళ్ళో లేరండీ, నాకే చెప్పండి" అని. చెప్పాడు!